బొటనవేలి గోరూ, ఎనభై ఎనిమిది డిగ్రీలూ

రాజ్యాలు పుట్టిన తేదీలు చరిత్రకారులకు తెలుసు. ఏ సంధిపత్రం మీద ఎవరు ఏ రంగు సిరాతో సంతకం పెట్టారో కూడా తెలుసు. కాని ఆస్ట్రియాలోని మోంటాఫోన్ లోయలో గెబ్‌హార్ట్ చోఫెన్ తన ఎడమచేతి బొటనవేలి గోరును మొట్టమొదట ఏ శుక్రవారం నాడు గీసి చూశాడన్నది మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. ఇది చరిత్రకు తీరని లోటు. ఆ లోయలో ఆ గోరు మీద ఆధారపడ్డ కాళ్లు, ఏ సంధిపత్రం మీద ఆధారపడ్డ కాళ్లకన్నా ఎక్కువే ఉంటాయి.

మంచు మీద జారడానికి కాళ్లకు బిగించుకునే స్కీల అడుగున రెండు వైపులా సన్నటి ఉక్కు అంచులుంటాయి. రాయిలా గట్టిపడిన మంచు మీద మనిషిని నిలబెట్టేవి ఆ అంచులే. అవి మొద్దుబారితే ఇక దేవుడే దిక్కు. ఆయనకి కూడా శనివారాలు రద్దీ ఎక్కువ. అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి గెబ్‌హార్ట్ తన ఇంటి నేలమాళిగలోకి దిగి, స్కీని వైసులో బిగించి, కొస నుంచి తోకదాకా ఆకురాయితో అంచులకు పదును పెట్టేవాడు. పని అయ్యాక గోరును అంచు మీద అడ్డంగా ఒక్కసారి గీసేవాడు. గోరునుంచి తెల్లటి పొడి రాలితే అంచు పదునెక్కినట్టు. రాలకపోతే ఎక్కనట్టు. అప్పీలు లేని న్యాయస్థానం.

ఊళ్లో వాళ్లు కూడా తమ స్కీలు పట్టుకొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "గోరేమంది?" అని అడిగేవారు. అగ్నిమాపక దళం పెద్ద వచ్చాడు. ఊరి మేయరు రెండుసార్లు వచ్చాడు, రెండోసారి ఎన్నికల ముందు. యాభై ఏళ్ల ప్రజాసేవలో ఆ గోరు పసుపుబారి, దళసరెక్కి, ముసలి ఆవుకొమ్ములా తయారైంది. అది అనుభవానికి గుర్తని ఊరంతా గౌరవంగా చూసేది.

గెబ్‌హార్ట్‌కు ఈ అధికారం ఊరికే రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు అతను లోయ కింద కలప కోత మిల్లులో రంపాలకు పదును పెట్టాడు. దుంగలు కోసినవాళ్లు వేరు, జీతాలు పెంచమని అరిచినవాళ్లు వేరు. అతను ఒక మూల కూర్చుని పళ్లకు పదును పెడుతూ పోయాడు. ఇనుము గురించి అతనికి తెలియనిది మిల్లులో ఎవరికీ తెలియదు. ఇనుమును ఆకురాయితో రుద్దితే అంచుకు అవతలి పక్క కంటికి కనపడని సన్నటి నూగు లేస్తుంది. దాన్ని సానరాయితో తీసేస్తేనే పదును నిలుస్తుంది. ఆ నూగును ఆ లోయలో 'గ్రాట్' అంటారు. కొండల మీద కత్తివాదరలా సాగే వెన్నును కూడా 'గ్రాట్' అనే అంటారు. ఒకటి వేలికి తగులుతుంది, ఒకటి మేఘాలకు తగులుతుంది. అంతమాత్రానికి రెండు మాటలెందుకని పూర్వీకులు పొదుపు చేసినట్టున్నారు. ఆ పొదుపువల్ల ఇన్ని వందల ఏళ్లలో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

గెబ్‌హార్ట్ భార్య ఒటీలియె. ఇరవై ఆరేళ్లు బడి బస్సు నడిపింది. గాలివానలోనూ, మంచుతుపానులోనూ ఆ వంకర రోడ్డు మీద లోయలో పిల్లల్ని దించి తెచ్చిన మనిషి కాబట్టి రోడ్డుతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. రిటైరయ్యాక ఆమెకు శనివారాలు దొరికాయి. ముగ్గురు స్నేహితురాళ్లతో మొదటి రోప్‌వేలో పైకి వెళ్లి, ఊరి నెత్తిన ఉన్న గ్రాట్ దాకా నడిచి, అక్కడినుంచి గోడలాంటి వాలు మీదుగా కిందికి జారి రావడం ఆమె అలవాటు. గెబ్‌హార్ట్ మోకాలు చూసుకుని, ఎండ చూసుకుని, ఎప్పుడో తప్ప వెళ్లేవాడు కాదు. కాని ఆమె స్కీలు మాత్రం పెళ్లైన మొదటి చలికాలం నుంచీ అతని పనే. చర్చిలో చేసిన ప్రమాణాల్లో ఇది లేదు. చేసిన ప్రమాణాలన్నిటికన్నా నమ్మకంగా నడిచింది మాత్రం ఇదే.

మూడేళ్ల కిందట అతని కుడి మణికట్టు మొరాయించడం మొదలుపెట్టింది. మొదట్లో నొప్పి. తరవాత నొప్పి లేదు, పట్టూ లేదు. ఆకురాయి ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా నడిచేది. పని సరిగ్గా జరిగిందో లేదో చూడడానికి అంచుకు ముందుగా నల్ల మార్కర్ పెన్ను పూస్తారు; ఆకురాయి తగిలిన చోటల్లా నలుపు పోతుంది. ఇప్పుడు అతని అంచుల మీద జానెడు జానెడు దూరాన నలుపు అలాగే మిగిలిపోయేది. గెబ్‌హార్ట్ ఆ నలుపును స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచేసి, గోరు గీసి, పొడి రాలడం చూసి, మనసుకు సర్దిచెప్పుకునేవాడు. న్యాయస్థానం ఇంకా అతని పక్షానే ఉంది మరి.

కిందటి ఫిబ్రవరిలో ఒటీలియె పడింది. గ్రాట్ కింద ఉన్న వాలులో, పొద్దున్నే, గట్టి మంచు మీద స్కీ పట్టు తప్పి, నలభై మీటర్లు నడుం మీద జారి, కంచె వల దగ్గర ఆగింది. ఎముకలేవీ విరగలేదు. తొడ మీద ఆస్ట్రియా పటమంత నీలి మచ్చ పడింది, అందులో రాష్ట్రాల సరిహద్దులు కూడా ఉన్నాయని వాళ్ల డాక్టరు మెచ్చుకున్నాడు. మంచు గట్టిగా ఉంది, అంతే, అంది ఒటీలియె. ఆ రాత్రి గెబ్‌హార్ట్ మంచం మీద వెల్లకిలా పడుకుని తన కేసు తనే విచారించి, తనకు తనే శిక్ష వేసుకున్నాడు. పడేసింది మంచు కాదు, తన మణికట్టు. ఆ శిక్ష సంగతి ఏడాదిపాటు ఎవరికీ తెలియదు. ఒక్కొక్క శనివారం ఆమె క్షేమంగా తిరిగొచ్చి బూట్లు విప్పిన చప్పుడు వినిపించేదాకా అతను దినపత్రికలో అదే పేజీ చదువుతూ ఉండేవాడు.

మొన్న నవంబరులో అతను చేతిలో పట్టుకునే కరెంటు యంత్రాల గురించి విన్నాడు. గడ్డం గీసుకునే మిషనంత ఉంటుంది. ముందు ఒక గుండ్రటి సానబిళ్ల గిర్రున తిరుగుతుంది. అంచు మీద పెట్టి నడిపిస్తే చాలు, కోణం తప్పదు, మణికట్టుతో పని లేదు. ఇలాంటి దాన్ని ఇంటికి కొనుక్కోవచ్చా అన్న ప్రశ్నను అతను ఊరి సత్రంలో మాటల మధ్య పడేశాడు. తనకోసం కాదు, డోర్న్‌బిర్న్‌లో ఉన్న మేనత్త కొడుకు అడుగుతున్నాడని చెప్పాడు.

సత్రంలో కూర్చున్నవాళ్లు ఈ విషయాన్ని పార్లమెంటు బడ్జెట్‌ను తీసుకున్నంత గంభీరంగా తీసుకున్నారు. పోస్టుమాన్ పిర్మిన్ వ్యతిరేకించాడు. తను కరెంటు పళ్లబ్రష్ కొన్నాడనీ, అయినా పళ్లు ఊడడం ఆగలేదనీ సాక్ష్యం చెప్పాడు. స్కీల దుకాణం నడిపే కాసియాన్ గనాల్ మాత్రం గ్లాసు పక్కన పెట్టి ఓపికగా వివరించాడు. పందేలకెళ్లే పిల్లలు ముగ్గురున్న ఇంట్లో అయితే కళ్లుమూసుకుని కొనుక్కోవచ్చు. రెండు జతల స్కీలకైతే ఆ ధరకు తన దుకాణంలో పెద్ద మిషను మీద ఏళ్ల తరబడి పదును పెట్టించుకోవచ్చు. పైగా చెయ్యి తప్పు చేస్తే ఉక్కు క్షమిస్తుంది, యంత్రం తప్పు చేస్తే క్షమించదు. ఒక్కచోట రెండు క్షణాలు ఆగితే అక్కడ అంచును తినేస్తుంది, ఉన్నదే రెండు మిల్లీమీటర్ల అంచాయె.

అంతా చెప్పి కాసియాన్ గెబ్‌హార్ట్ కేసి చూశాడు. "నీకు డోర్న్‌బిర్న్‌లో మేనత్త కొడుకున్నాడని ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

"మీ మేనత్త కన్యాస్త్రీ కదయ్యా."

వెయ్యి మీటర్ల ఎత్తు దాటితే ఎవరైనా ఎవరినైనా 'నువ్వు' అనొచ్చునన్నది అక్కడి రాజ్యాంగం. ఊరు తొమ్మిదివందల ఎనభై మీటర్ల దగ్గరే ఉంది గాని, మిగిలిన ఇరవై మీటర్లను ఊరివాళ్లు ఎప్పుడో కలిపేసుకున్నారు. అయినా ఆ క్షణంలో గెబ్‌హార్ట్‌కు కాసియాన్ తనని కాస్త 'మీరు' అనుంటే బాగుండేదనిపించింది.

దుకాణానికి ఇవ్వడం అతనివల్ల కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు పదును పెట్టినవాడు తన పెళ్లాం స్కీలు కాసియాన్ చేతికిస్తే, వంటవాడు పక్కింట్లో విస్తరేసుకుని కూర్చున్నట్టే. మర్నాటికల్లా లోయంతా తెలుస్తుంది, ఒటీలియెకూ తెలుస్తుంది. తెలిస్తే ఆమె పడిన రోజు గుర్తొస్తుంది. అందుకని కేటలాగు చూసి పోస్టులో తెప్పించుకున్నాడు. పార్శిలు పిర్మినే తెచ్చి ఒటీలియె చేతికిచ్చాడు. అదేమిటని ఆమె అడిగితే, గడ్డం మిషనని గెబ్‌హార్ట్ చెప్పాడు.

ఒటీలియె పెట్టె మీది బొమ్మ చూసింది, దాని కింద అంకెలు చూసింది. "గడ్డానికి ఎనభై ఎనిమిది డిగ్రీలెందుకు?" అంది.

ఆ లోయలో అందరి స్కీ అంచులూ ఎనభై ఎనిమిది డిగ్రీల కోణంలోనే ఉంటాయి. ఎనభై ఏడు కావాలనేవాడు పందెగాడో పొగరుబోతో అయుండాలి. గెబ్‌హార్ట్ కొంతసేపు ఆలోచించి, దవడ దగ్గర, అన్నాడు. ఆమె పెట్టెను అతని చేతిలో పెట్టి వంటగదిలోకి వెళ్లిపోయింది.

జనవరి రెండో శుక్రవారం నాలుగింటికి యంత్రానికి ప్రారంభోత్సవం జరిగింది. గెబ్‌హార్ట్ వివరాల కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కోణం దానంతటదే నిలుస్తుందని రాసి ఉంది. గ్రాట్ మిగలదని కూడా రాసి ఉంది. ఇనుము గురించి తనకు తెలిసిన ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ చివరి వాక్యం దగ్గర కాస్త సణిగాయి. కాని అచ్చులో ఉన్నదాన్ని కాదనడం వాళ్ల వంశంలో లేదు. యంత్రం తేనెపట్టులా మోగింది. మధ్యలో ఒకసారి కళ్లజోడు జారితే సర్దుకోడానికి ఆగాడు, అంతే. నాలుగు నిమిషాల్లో పని ముగిసింది. మార్కర్ నలుపు ఎక్కడా మిగల్లేదు. మూడేళ్లుగా చూడని దృశ్యం అది. గోరు గీశాడు, పొడి రాలింది. స్కీలు తుడిచి వీధి తలుపు పక్కన నిలబెట్టాడు. ఏడింటికి మగవాళ్ల బృందగానం రిహార్సలు. ప్రతి శుక్రవారం వెళ్తాడు, రెండో వరసలో మంద్రస్థాయి పాడతాడు. ఆ రోజు ఎప్పటికన్నా గట్టిగా పాడినందుకు మాస్టారు రెండుసార్లు పుల్ల ఊపి తగ్గమన్నాడు.

మర్నాడు పొద్దున్న అతను లేచేసరికి వంటగదిలో ఒటీలియె కప్పు కడిగి బోర్లించి ఉంది. తలుపు పక్కన స్కీలు లేవు. మొదటి రోప్‌వేకు వెళ్లిందన్నమాట. గెబ్‌హార్ట్ తాపీగా కాఫీ తాగి, కట్టె చెప్పులు వేసుకుని, స్కీలకు పూసే మైనపు కడ్డీ కొనే నెపంతో పది గంటలకు కాసియాన్ దుకాణానికి వెళ్లాడు. అసలు ఉద్దేశం గొప్పలు చెప్పుకోవడం. మేనత్త కొడుకు యంత్రం కొన్నాడనీ, నాలుగు నిమిషాల్లో పనైపోయిందనీ, నలుపు చుక్క కూడా మిగల్లేదనీ చెప్పాడు.

"గ్రాట్ తీశాడా?" అన్నాడు కాసియాన్.

"మిగలదని కాగితంలో రాశారు."

కాసియాన్ చేతిలో ఉన్న స్కీని తిరగేసి, అడుగు పలక మీద వేలు పెట్టి బయటి వైపుకు నెమ్మదిగా జరిపి చూపించాడు. చక్రం తిరిగే యంత్రం గ్రాట్‌ను అడుగు వైపుకు నెడుతుందట. పక్కనుంచి చూస్తే అద్దంలా ఉంటుంది, అడుగున వేలితో తడిమితే రంపంలా గీరుతుంది. రాయితో తీయకుండా గట్టి మంచు మీదకి వెళ్తే స్కీ మనమాట వినదు. తిప్పబోతే తిరగదు, తిరక్కూడని చోట కొక్కెంలా పట్టేస్తుంది.

"మెత్తటి మంచయితే ఫర్వాలేదులే," అన్నాడు కాసియాన్. "ఇవ్వాళ మాత్రం వద్దు. నిన్న మధ్యాహ్నం వాన, రాత్రి చలి. పైన గ్రాట్ కింద వాలంతా గాజు."

నిన్న గెబ్‌హార్ట్ గోరు గీశాడు. అడుగు తడమలేదు. కోత మిల్లులో కొత్తగా చేరిన కూలి కూడా చేయని తప్పు. ఆ సమయానికే అతని జేబులో ఫోను మోగింది. ఒటీలియె రాసిన సందేశం. చేతిని దూరంగా చాచి చదివాడు:

"ఇంకా గ్రాట్ మీదే ఉన్నా. మధ్యాహ్నం దాకా పట్టేట్టుంది. రీబెల్ నువ్వే వేయించుకో."

తిరిగి ఫోను చేస్తే మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు, ఎత్తలేదు. మొక్కజొన్న రవ్వ వేయించుకోమని చెప్పిన మనిషి, ఏడాదిగా తను భయపడుతున్న వాలుకు సరిగ్గా నెత్తిన నిలబడి ఉంది, తను కొక్కేలు తగిలించి ఇచ్చిన స్కీల మీద. అక్కడినుంచి స్కీల మీద దిగడానికి దారి ఒక్కటే. అందుకే ఆమె ఇంకా అక్కడే ఉండిపోయిందేమో. మొదటి మలుపులోనే స్కీ మాట వినకపోయేసరికి దిగలేక నిలబడిపోయిందేమో.

మైనం డబ్బులిచ్చాడో లేదో గెబ్‌హార్ట్‌కు గుర్తులేదు. ఇచ్చి మైనం వదిలేశాడని కాసియాన్ తరవాత చెప్పాడు. కట్టె చెప్పులతో, పని కోటుతో రోప్‌వే దగ్గరికి పోయి, స్కీలు భుజాన వేసుకున్న ఒక పెద్ద గుంపును తోసుకుని ముందున్న పెట్టెలోకి ఎక్కాడు. స్కీలు లేకుండా పైకి ఎక్కేవాళ్లు అక్కడ ఇద్దరే ఉంటారు, పెళ్లి ఫోటోలవాళ్లూ, పాదిరీ.

పైకి పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో అతను నలభై ఒక్క ఏళ్ల కాపురం మొదటినుంచీ చివరిదాకా తిరగేశాడు. దేవుడికి మొక్కులు మొక్కుకున్నాడు, రేట్లు పెంచుకుంటూ పోయాడు. మొదటి స్తంభం దగ్గర ఒక కొవ్వొత్తి. నాలుగో స్తంభం దగ్గరికొచ్చేసరికి యంత్రాన్ని నదిలో పారేస్తానన్నాడు. ఆరో స్తంభం దాటాక, మిగిలిన జీవితమంతా స్కీలు కాసియాన్‌కే ఇస్తానన్నాడు. అంతకన్నా పెద్ద త్యాగం అతని దగ్గర లేదు.

పై స్టేషనుకు ఆనుకుని ఒక చిన్న టీ కొట్టు ఉంది. దాని గోడవార ఎండలో ఒటీలియె స్నేహితురాళ్లు ముగ్గురూ వేడి జ్యూసు తాగుతూ కూర్చున్నారు. నాలుగో కుర్చీ ఖాళీ. ముగ్గురిలో పెద్దది వాల్‌బుర్గా, ఊరి బేకరీ ఆవిడ, అతని కాళ్లకేసి చూసింది.

"ఏం గెబ్‌హార్టూ, ఆవుల్ని తోలుకొచ్చావా?"

అతను ఊపిరి తీసుకుని, ఒటీలియె ఏదని అడిగాడు.

"రాలేదుగా. పొద్దున్నే ఫోన్ చేసింది. మీరు పదండి, నేను గ్రాట్ తీసేసి వస్తానంది."

గెబ్‌హార్ట్ అక్కడే నిలబడ్డాడు. తీసేసి వస్తానంది. గ్రాట్ ఎక్కుతారు, దిగుతారు, మంచులో దారితప్పి దాని మీద రాత్రంతా కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారు. తీసేయడం మాత్రం మోంటాఫోన్ చరిత్రలో ఎవరూ చేయలేదు. అతను తల తిప్పి పైకి చూశాడు. కొండవెన్ను ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద మనిషి అలికిడి లేదు.

ఖాళీ కుర్చీలో కూలబడి, వాల్‌బుర్గా ముందున్న జ్యూసు తీసుకుని సగం తాగేశాడు. ఆ మనిషి మొహంలో కనపడిన వెలుగుకు ఒక గ్లాసు జ్యూసు పెద్ద ధరేమీ కాదని ఆవిడ తరవాత బేకరీలో అందరికీ చెప్పింది.

కిందికి కూడా పదకొండు నిమిషాలే అయినా, ఈసారి అతను లోయను చూశాడు. చర్చి కనపడింది, మిల్లు పొగగొట్టం కనపడింది. తన ఇంటి కప్పు మీద నాలుగు కాకులు కనపడ్డాయి, వాటిమీద కూడా అతనికి ఆదరం కలిగింది. ఆరో స్తంభం దగ్గర, కాసియాన్ సంగతి మరోసారి ఆలోచించుకుంటానని దేవుడికి విన్నవించుకున్నాడు.

ఇంటికొచ్చి తిన్నగా నేలమాళిగ మెట్లు దిగాడు. పైన వదిలేసిన ఫోను మోత ఆ రాతిగోడల మధ్యకు దిగదు, సానరాయి చప్పుడు పైకి వినపడదు. ఒటీలియె అతని తోలు ముందుగుడ్డ కట్టుకుని, కళ్లజోడు ముక్కు కొసన పెట్టుకుని, వైసులో బిగించిన స్కీ మీదకి వంగి ఉంది. చేతిలో చిన్న సానరాయి. పక్కన నీళ్ల గిన్నె, సగం తాగిన కాఫీ.

"పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నావా?" అన్నాడు.

"గ్రాట్ మీద ఉన్నానని రాశాగా. కాఫీకి పైకెళ్లినప్పుడు పంపించా."

"నేను వెళ్లొచ్చాను."

"ఎక్కడికి?"

"గ్రాట్ మీదకి."

ఒటీలియె రాయి దించి అతని మొహం చూసింది, తరవాత కాళ్లు చూసింది. "ఈ చెప్పులతోనా," అంది. అంతే అంది. కాని కళ్లజోడు తీసి తుడుచుకోడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది.

గెబ్‌హార్ట్ కట్టెల పెట్టె మీద కూర్చున్నాడు. కూర్చున్నాక అతనికి ఒక సంగతి తట్టింది. ఆమె రాయి పట్టుకున్న తీరు కొత్తగా పట్టినదాని తీరు కాదు. వేళ్ల పక్కన వేళ్లు ఒదిగి, రాయి అంచును తాకీ తాకనట్టు జారుతోంది, జానెడు నడిచాక ఒకసారి నీళ్లలో మునుగుతోంది. మిల్లులో అతను కుర్రాళ్లకు నేర్పిన పద్ధతే.

ఎప్పటినుంచి అని అడిగాడు. మూడు చలికాలాలుగా, అంది ఆమె, తల ఎత్తకుండానే. ప్రతి శుక్రవారం ఏడింటికి అతను పాటకు బయలుదేరగానే ఆమె కిందికి దిగేది. అతను వదిలేసిన చోట్లన్నీ వేలితో తడిమి వెతికి, ఆకురాయితో సరిచేసి, గ్రాట్ తీసి, అన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి, అతను ఇల్లు చేరేసరికి పైన అల్లిక పట్టుకుని కూర్చునేది. నిన్న మాత్రం రాలేదు. వాల్‌బుర్గా ఇంట్లో పేకాటకు వెళ్లింది.

"మిషను కొన్నావుగా, ఇంక నాకు రిటైర్మెంటే అనుకున్నా," అంది. "పొద్దున్న బయలుదేరబోతూ అడుగు తడిమితే వేలు చిరిగింది. పైగా ఇక్కడ చూడు, ఒకచోట ఆగావు."

"కళ్లజోడు జారింది."

"జోడు జారితే మిషను ఎత్తాలి. బస్సు నడిపేటప్పుడు జోడు జారితే నేను పక్కకు ఆపలేదూ?"

గెబ్‌హార్ట్ ఏడాదిగా దాచుకున్న ప్రశ్న అడిగాడు.

"మరి కిందటి ఫిబ్రవరిలో?"

ఒటీలియె చెయ్యి ఆగింది. అబద్ధం చెప్పొచ్చునా అని ఆలోచించినట్టుంది. బస్సు డ్రైవర్లకు అది అలవాటుండదు.

"ఆ వారం మీ పాటల మాస్టారికి గవదబిళ్లలు. రిహార్సలు లేదు. నువ్వు సాయంత్రమంతా పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. నేను కిందికి దిగేదెలా?"

కాబట్టి పడేసింది అతని మణికట్టే. ఏడాది కిందట అతను తనకు తనే వేసుకున్న శిక్ష అక్షరాలా సరైనదే. అయితే ఖైదీకి ఆ కబురు వింటే కలగాల్సిన దిగులు కలగలేదు. ఇన్ని శనివారాలూ తన చేతి తప్పు మీద ఆమె జారుతోందని, తిరిగి రావడం కేవలం అదృష్టమని అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు లెక్క తేలింది, మూడు చలికాలాల్లో ఒక్క శనివారం. అందులో కూడా సగం నేరం గవదబిళ్లలది. గెబ్‌హార్ట్‌కు వీపు మీదనుంచి ఎవరో దుంగ దింపినట్టయింది. అతను నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వు మధ్యలో ముక్కు చీదాడు, ముందుగుడ్డ ఆమె కట్టుకుందని గుర్తొచ్చి కోటు చేత్తో తుడుచుకున్నాడు.

"చెబితే ఏం పోయేది?" అన్నాడు.

"నువ్వు నలుపు స్పిరిట్‌తో తుడవకుండా ఉంటే ఏం పోయేది?"

గోడవార యంత్రం దాని పెట్టెలో అమాయకంగా ఉంది. దాన్ని వెనక్కి పంపేయమంటావా అని గెబ్‌హార్ట్ అడిగాడు. ఒటీలియె తలూపలేదు. మణికట్టు బాధ తప్పుతుంది, ఉండనీ అంది. రుద్దడం అతనిది, గ్రాట్ తనది. పైగా ఆ యంత్రంలో ఆమెకు నచ్చిన గుణం ఇంకొకటుంది.

"మోగుతుంది," అంది. "ఆకురాయైతే నువ్వు ముగించావో లేదో పైనుంచి తెలిసేది కాదు. ఇది ఆగగానే నేను దిగొచ్చు. పాటదాకా కాచుకోనక్కర్లేదు."

ఆ మధ్యాహ్నం రీబెల్ ఆమే వేయించింది. పుల్లటి జున్ను పక్కన పెట్టుకుని, కాఫీలో ముంచుకుని ఇద్దరూ రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. ఆమె మూడింటికి కొండకు వెళ్లి, అయిదింటికి తిరిగొచ్చి బూట్లు విప్పింది. గెబ్‌హార్ట్ దినపత్రికలో నాలుగు పేజీలు దాటాడు.

తరవాతి వారం సత్రంలో కాసియాన్ అడిగాడు, ఆ డోర్న్‌బిర్న్ మేనత్త కొడుకు యంత్రంతో సుఖంగా ఉన్నాడా, ఇంటికి కొనదగ్గ వస్తువేనా అని. అందరూ గ్లాసులు దించి విన్నారు. గెబ్‌హార్ట్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లో ఇద్దరుంటే కొనుక్కోవచ్చు," అన్నాడు.

ఈ తీర్పును ఊరు ఇంకా పూర్తిగా అర్థం చేసుకోలేదు. పిర్మిన్ మాత్రం దాన్ని పళ్లబ్రష్‌కు కూడా వర్తింపజేస్తున్నాడు.

ఇక మిగిలింది గోరు. మూడేళ్లు నల్లచారలున్న అంచులకు కూడా ఆ గోరు పొడి రాల్చి, పదునుందని తీర్పులిస్తూ ఎలా వచ్చిందన్న చిన్న సందేహం గెబ్‌హార్ట్‌ను పీడించింది. ఆదివారం పొద్దున్న ఫలహారం దగ్గర ఆ సంగతి ఎత్తాడు. ఒటీలియె అతని ఎడమచెయ్యి తన వైపు లాక్కుని, రొట్టె పక్కనున్న వెన్న కత్తి తీసుకుని, మొద్దు వైపు తిప్పి, గోరు మీద ఒకసారి గీసింది.

తెల్లటి పొడి రాలింది.